వినీ విననట్లున్న తుమ్ము

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని మన పెద్దలు ఒక సామెత చెప్పుదురు. మొండిపట్టు పట్టినవారిని గూర్చి వాడెడి ఈ మాట మా విషయములో అక్షరాల నిజమైనది. మేము పట్టిన కుందేటికి కాళ్ళు నాలుగే ఉన్నవి గాని, దాని ముక్కు మాత్రము తడిగా ఉన్నది. ఆ తడిని మేము చూచాము. చూచియు, అది ఏమీ కాదని మమ్ములను మేమే నమ్మించుకొన్నాము. ఆ మొండితనము వలన ఏమి జరిగినదో, ఎవరి ఎదుట తల వంచవలసి వచ్చినదో, ఆ తరువాత ఏమి నేర్చుకొన్నామో ఈ నాలుగు పుటలలో చెప్పదలచాము. కళాశాల సంచికలో కుందేళ్ళను గురించి వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చును. నవ్విన తరువాత కడవరకు చదువవలెనని మాత్రమే మా మనవి.

మేము అనగా మా అన్నదమ్ములిద్దరము, మా చెల్లెలు. మా ఇంటి వెనుక రేకుల కప్పు వేసిన చిన్న కొట్టము ఒకటి కలదు. అబ్బా మేకల వ్యాపారము మానుకొన్న తరువాత అది ఖాళీగా పడియున్నది. ఒక వేసవి సెలవులలో పొరుగూరి రైతు వద్ద తెల్లని పెద్దజాతి కుందేళ్ళను, రెండు ఆడవి, ఒక మగది, కొని తెచ్చి ఆ కొట్టములో ఉంచాము. కుందేలు చూలు మోయు కాలము ముప్పది, ముప్పది యొక్క రోజులు మాత్రమే. ఈతకు ఆరేడు పిల్లలు పుట్టుట సామాన్యము. కనుక కొన్ని అమ్మినను, కొన్ని చనిపోయినను, 2017 చివరకు మా కొట్టములో పదకొండు పెద్ద కుందేళ్ళు మిగిలినవి. ఉదయము గరిక, అవిసె ఆకు. సాయంకాలము నానబెట్టిన శనగలు, పిడికెడు దాణా. పిల్లలను అమ్మగా వచ్చిన సొమ్ముతో మా పుస్తకముల ఖర్చు వెళ్ళిపోవుచుండెడిది.

ఉర్దూలో కుందేటిని ఖర్గోష్ అందురు. అది పారసీ మాట. ఖర్ అనగా గాడిద, గోష్ అనగా చెవి. గాడిద చెవులు కలది అని అర్థము. మన తెలుగువారు సంస్కృతము నుండి తెచ్చుకొన్న శశాంకుడు అను మాటలో అదే కుందేలు చంద్రునిలోకి ఎక్కి కూర్చున్నది. మా దాదీమాకు ఈ రెండు మాటలును ఇష్టమే. మందలో అన్నింటికంటె పెద్దది, మచ్చ లేని తెల్లనిది అయిన మగ కుందేటికి ఆమెయే మోతీ అని పేరు పెట్టినది. అది నాలుగు కిలోల బరువు తూగెడిది. పిలిచిన వెంటనే చెవులు నిక్కించి జాలి దగ్గరకు వచ్చెడిది.

2018 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారమునకు, మా పట్టణమునకు కొంత దూరములో పశుపక్ష్యాదుల ప్రదర్శన జరుగునని తెలిసినది. ఎద్దులు, పొట్టేళ్ళు, కోళ్ళతో పాటు కుందేళ్ళకు కూడ ప్రత్యేకముగా ఒక పందిరి వేయుదురట. మొదటి బహుమతి రెండు వేల రూపాయలు, ఒక ప్రశంసాపత్రము. మోతీని తీసికొని వెళ్ళవలెనని మేము ముగ్గురమును ఒకే మాటగా నిశ్చయించుకొన్నాము. పది దినములు దానికి మంచి మేత పెట్టి, రోజును మెత్తని బ్రష్షుతో బొచ్చు దువ్వి, గోళ్ళు కత్తిరించి సిద్ధము చేశాము.

ప్రయాణమునకు ముందురోజు రాత్రి చెల్లెలు కొట్టములో దీపము ఆర్పబోవుచుండగా మోతీ తుమ్మినది. ఒకసారి, కొంత తడవునకు మరి రెండుసార్లు. మేము లాంతరు దగ్గరకు తీసికొని చూచాము. ముక్కు చివర తడి ఉన్నది. ముందరి కాళ్ళ లోపలి వైపున బొచ్చు అట్టలు కట్టినట్లున్నది. చలికి అయియుండునని ఒకరము, గడ్డిలోని దుమ్మునకు అయియుండునని ఒకరము అన్నాము. చెల్లెలు ఏమియు అనలేదు. తడి గుడ్డతో దాని కాళ్ళను తుడిచినది. ఆరిన తరువాత మరల దువ్వినది. తెల్లవారునప్పటికి మోతీ పాలవలె మెరయుచున్నది. ఆ తుమ్మును మేము ముగ్గురమును విన్నాము. మరునాడు దానిని గురించి ముగ్గురిలో ఎవరమును మాట్లాడలేదు.

ప్రదర్శన పందిరిలో సుమారు ముప్పది కుందేళ్ళు ఉన్నవి. ఇనుప జాలి పంజరములను బల్లలపై వరుసగా, ఒకదానికొకటి ఆనించి పేర్చారు. ప్రక్క పంజరములోని కుందేలు ముక్కును మన కుందేలు ముక్కు తాకుటకు జాలి కన్నములు అడ్డము రావు. మాకు ఎడమ ప్రక్కన పదిపన్నెండేండ్ల బాలుడు ఒకడు నల్లని కుందేటితో కూర్చున్నాడు. అది వాని మేనమామ కొనియిచ్చినదట. వాని వద్ద వేరొక కుందేలు లేదు. కొంతసేపటిలోనే మాకు వానితో స్నేహము కుదిరినది. వాడు నీళ్ళ గిన్నె మరచి వచ్చినందున మోతీ తాగిన గిన్నెనే కడుగకుండ వానికి ఇచ్చాము. ఆనాడు మేము చేసిన ఉపకారము అది ఒక్కటే.

న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి మంచి అనుభవము కలవారు. ఒక్కొక్క కుందేటిని బల్లపై పరచిన గోనెపట్ట మీద కూర్చుండబెట్టి, పళ్ళు, చెవులు, గోళ్ళు, బొచ్చు, వెన్ను తడిమి చూచి గుణములు వేయుచున్నారు. ముప్పది కుందేళ్ళకును అదే గోనెపట్ట, అవే చేతులు. నడుమ చేతులు కడుగుకొనుటకు నీరు గాని, సబ్బు గాని అచ్చట లేవు. చూడవచ్చిన పిల్లలు ఒక పంజరము నుండి మరియొక పంజరమునకు పరుగెత్తుచు అన్నింటి ముక్కులను నిమిరి ముద్దు చేయుచున్నారు. అప్పుడు మాకు అందులో తప్పేమియు కనబడలేదు. అది అంతయు ఒక పండుగవలె ఉన్నది. మోతీకి మొదటి బహుమతి వచ్చినది. ప్రక్కనున్న బాలుడు మాకంటె ఎక్కువగా చప్పట్లు కొట్టాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మోతీని నేరుగా కొట్టములో తన చోట విడిచిపెట్టాము. ఎనిమిదవ రోజునకు మూడు కుందేళ్ళు తుమ్మసాగినవి. పండ్రెండవ రోజునకు ఏడింటికి ముక్కుల నుండి తెల్లని చిక్కని చీమిడి కారుచున్నది. ఒక ఆడ కుందేలు మెడ ఒక ప్రక్కకు తిరిగిపోయి, లేవబోయి గిరగిర తిరిగి పడిపోవుచున్నది. ఎవరో చెప్పిన మాట విని మనుష్యులకు వాడు అమాక్సిసిలిన్ గొట్టములను నీటిలో కలిపి పోయుటకు సిద్ధమయ్యాము. అదృష్టవశమున అంతలోనే పశువైద్యులు వచ్చి వారించారు. ఆ మందును కుందేటికి నోటి ద్వారా ఇచ్చినచో దాని ప్రేగులలోని మేలు చేయు సూక్ష్మజీవులు నశించి, కీడు చేయునవి పెరిగి, జబ్బు కంటె ముందు మందే ప్రాణము తీయునట. వారు ఇచ్చిన వేరు మందులతో కొన్ని కోలుకొన్నవి. నాలుగు చనిపోయినవి. వానిలో మోతీ లేదు. ఆ సంగతి మాకు ఎక్కువ బాధ కలిగించినది.

పశువైద్యులు ఆ కొట్టము గడప మీద కూర్చుండి మాకు వివరముగా చెప్పారు. ఈ జబ్బునకు ముఖ్య కారణము పాశ్చురెల్లా మల్టోసిడా అను సూక్ష్మజీవి. పైకి ఆరోగ్యముగా కనబడు అనేక కుందేళ్ళ ముక్కులలో అది నిద్రించుచున్నట్లు దాగియుండును. ప్రయాణపు బడలిక, చలి, గుంపు, క్రొత్త చోటు, మూత్రపు ఘాటు గాలి, వీటిలో ఏది తగిలినను అది మేల్కొనును. తుమ్ము తుంపరల ద్వారా, ముక్కునకు ముక్కు తాకుట ద్వారా, గిన్నెల ద్వారా, మన చేతుల ద్వారా ఇతర కుందేళ్ళకు అంటును. కుందేలు తన ముక్కును ముందరి కాళ్ళతోనే తుడుచుకొనును గనుక, ముక్కు శుభ్రముగా ఉన్నను కాళ్ళ లోపలి బొచ్చు అట్ట కట్టినచో అది జలుబునకు సాక్ష్యము. ఈ మాట విన్నప్పుడు చెల్లెలు లేచి లోపలికి వెళ్ళిపోయినది. తాను తుడిచినది ఆ సాక్ష్యమునే అని ఆమెకు అర్థమైనది. ఆమెకు మాత్రమే తప్పు అంటగట్టుటకు వీలు లేదు. ఆ లాంతరును పట్టుకొన్న చేతులు మావి.

ఈ సూక్ష్మజీవికి లూయీ పాశ్చర్ పేరు మీదుగానే ఆ పేరు వచ్చినది. తరువాత గ్రంథాలయములో చదివిన కొలది, కుందేళ్ళకును ఆ మహనీయునకును గల సంబంధము మమ్ములను ఆశ్చర్యపరచినది. 1885 జూలై 6వ తేదీన పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు పాశ్చర్ ఇప్పించిన టీకామందు, ఎండబెట్టిన కుందేలు వెన్నుపాము నుండి తయారైనది. మనుష్యజాతి కుందేటికి అంతగా ఋణపడియున్నది. రెండు మూడు సంవత్సరములకే, ఆస్ట్రేలియాలో పైరులను నాశనము చేయుచున్న కుందేళ్ళను అంతమొందించు మార్గము చెప్పినవారికి 25,000 పౌనుల బహుమానమని అచ్చటి న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వము ప్రకటింపగా, పాశ్చర్ తన మేనల్లుని కోడికలరా సూక్ష్మజీవులతో 1888లో సిడ్నీకి పంపాడు. ఆ కోడికలరా సూక్ష్మజీవియు, మా కొట్టములో నాలుగు ప్రాణములు తీసినదియు ఒకే జాతివి. బహుమానము ఆయనకు దక్కలేదు. ఆ పనికి ఉద్దేశించి ఓడలో సముద్రములు దాటించిన జీవిని, మేము రెండు వేల రూపాయల బహుమతి కొరకు బస్సులో ప్రదర్శనకు తీసికొనిపోయాము.

నాలుగవ కుందేటిని పూడ్చిన మరునాటి సాయంకాలము ఆ నల్లకుందేటి బాలుడు వాని మేనమామతో మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఖాళీ వెదురు బుట్ట ఉన్నది. వాని కుందేలు ప్రదర్శన నుండి వచ్చిన వారము దినములకు తుమ్మసాగి, మేత మాని, రొప్పుచు చనిపోయినదట. వాడు మమ్ములను నిందించుటకు రాలేదు. "అన్నా, మీ మోతీ పిల్ల ఉంటే ఒకటి అమ్ముతారా? డబ్బులు తెచ్చుకొన్నాను" అని అడిగాడు. మా నోట మాట రాలేదు. మా కుందేళ్ళకు కూడ జబ్బు చేసినది, ఇప్పుడు ఇవ్వజాలము అని మాత్రము చెప్పి పంపివేశాము. అది నిజమే గాని, పూర్తి నిజము కాదు.

దాదీమా వరండాలో కూర్చుండి అంతయు విన్నది. రాత్రి భోజనమైన తరువాత మమ్ములను ముగ్గురిని పిలిచి, ప్రదర్శనకు ముందే మోతీకి జబ్బు ఉన్నదా అని అడిగినది. ఉన్నదని చెప్పాము. ఆమె కోపించలేదు. జబ్బు చేసిన ఒంటెలను ఆరోగ్యముగానున్న ఒంటెల చెంతకు నీళ్ళకు తోలుకొని రాకూడదని ప్రవక్తగారు బోధించిన సంగతి ఆమె చిన్ననాడు తన తండ్రి వద్ద విన్నదట. హదీసు గ్రంథములలో ఈ బోధ కలదు. దానిని చెప్పి, "బేటా, ఒంటె అయితే ఏమి, ఖర్గోష్ అయితే ఏమి? వచ్చినవాడు పసివాడు. మీరు ఆ పిల్లవానికి గిన్నెడు నీళ్ళు ఇచ్చినారు గదా, ఇప్పుడు నిజము కూడ ఇచ్చి రండి" అన్నది.

మరుసటి ఆదివారము మేము ముగ్గురమును బయలుదేరాము. బాలుని ఇంటికి వెళ్ళి, వాని మేనమామ ఎదుట, ముందురోజు రాత్రి మోతీ తుమ్మినదని, ఆ సంగతి తెలిసియే తెచ్చామని చెప్పాము. ఎవరి కుందేటి నుండి ఎవరి కుందేటికి జబ్బు అంటినదో కచ్చితముగా చెప్పజాలమని పశువైద్యులు అన్నమాట నిజమే. ఆ మాటను మాకు అనుకూలముగా వాడుకొనరాదని దారిలోనే నిశ్చయించుకొన్నాము. మేనమామ చాలసేపు మౌనముగా ఉండి, "చెప్పినారు గనుక సరిపోయింది. చెప్పకుండ ఉంటే మాకు తెలిసేది కాదు" అన్నారు. బాలుడు మాత్రము మా వైపు చూడకుండ గోడకు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు, తరువాతి ఆదివారము, మా వరుసలో పంజరములు ఉంచిన మరి ఐదు కుటుంబములను కలిసికొన్నాము. ఇద్దరి ఇండ్లలో కుందేళ్ళు తుమ్ముచున్నవి. ఒకరు తలుపు మూసికొన్నారు. ఒక పెద్దావిడ మజ్జిగ ఇచ్చి కూర్చుండబెట్టి, తన కుందేటి చెవులలో గోధుమరంగు పొక్కులు కట్టినవని చూపినది. అది మరియొకరి నుండి అంటిన చెవిగజ్జి. ఆ పందిరి నుండి ఒక్కొక్కరము ఒక్కొక్క జబ్బును ఇంటికి తెచ్చుకొన్నామని అప్పుడు తెలిసినది.

ఆ వేసవి అంతయు మేము ఈ విషయమును గూర్చి చదివాము, పశువైద్యులను విసిగించి అడిగాము. కుందేలు అడవిలో ఇతర మృగములకు ఆహారము. జబ్బుపడినట్లు కనబడినచో ముందుగా వేటాడబడునది అదే. కావున తన బాధను దాచుట దాని స్వభావము. అది మేత మానినట్లు మనము గుర్తించునప్పటికే జబ్బు ముదిరియుండును. ఒక పూట మేత ముట్టని కుందేటిని, పెంటికలు వేయని కుందేటిని ఆరోగ్యముగా ఉన్నదని అనుకొనరాదు.

జబ్బులు అంటు మార్గములు కూడ ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి. చెవిగజ్జి కంటికి కనబడీ కనబడని పురుగుల వలన వచ్చును. ఆ పురుగులు రాలిన పొక్కులలో కూడ కొంతకాలము బ్రదికియుండును గనుక, పంజరము, బ్రష్షు, గోనెపట్ట అన్నియు వాహనములే. తామర బూజుజాతి వలన వచ్చు చర్మరోగము. అది కుందేటి నుండి మనిషికి, ముఖ్యముగా ఎత్తుకొని ముద్దాడు పిల్లలకు, సులభముగా అంటును. కాక్సీడియా అను సూక్ష్మప్రాణి ప్రేగులలోను, దానిలో ఒక జాతి కాలేయములోను చేరి, పాలు మరచిన చిన్న పిల్లలను ఎక్కువగా చంపును. దాని అండములు పెంటికలలో బయటకు వచ్చిన వెంటనే అంటవు. తేమ, వెచ్చదనము కలిగి ఒకటి రెండు రోజులో, అంతకు మించియో గడచి పక్వమైన తరువాతనే అంటుటకు శక్తి కలుగును. ప్రతి దినము పెంటికలు ఎత్తివేయుమని పెద్దలు చెప్పుటలోని రహస్యము ఇదే. అండము పక్వము కాకమునుపే దానిని దూరము చేసినచో జబ్బు తొలిమెట్టులోనే ఆగిపోవును.

వీటన్నిటికంటె భయంకరమైనది రక్తస్రావపు జబ్బు అను వైరస్ వ్యాధి. ఇది 1984లో చైనాలోని జియాంగ్సు ప్రాంతమున మొదట బయటపడినది. జర్మనీ నుండి అంగోరా కుందేళ్ళను తెప్పించిన కొలది దినములకే అచ్చటి కుందేళ్ళు చనిపోసాగినవి. ఒక సంవత్సరములోపుననే సుమారు 14 కోట్ల కుందేళ్ళు నశించినవని లెక్క. తరువాత అది ఐరోపాకు ప్రాకినది. 2010లో ఫ్రాన్స్‌లో దాని రెండవ రూపము కనబడినది. మొదటి రూపము చిన్న పిల్లలను చాలవరకు విడిచిపెట్టెడిది. రెండవ రూపము వానిని కూడ వదలదు. 2020లో అమెరికా నైరుతి రాష్ట్రములలో ఈ రెండవ రూపము అడవి కుందేళ్ళలోను, పెంపుడు కుందేళ్ళలోను వ్యాపించినప్పుడు ప్రదర్శనలు అనేకము ఆగిపోయినవి. ఐరోపాలో టీకాలు ముందునుండియే కలవు. అమెరికాలో తయారైన టీకాకు 2021లో అత్యవసర అనుమతి లభించినది.

ఈ వైరస్ సోకిన కుందేలు ఒకటి నుండి మూడు దినములలో, అనేకసారులు ఏ లక్షణమును కనబరచకుండగనే, చనిపోవును. వైరస్ మాత్రము చావదు. ఎండిన గుడ్డకు అంటుకొని సాధారణ ఉష్ణోగ్రతలో 100 రోజులకు పైగా బ్రదుకును. చెప్పుల అడుగున, చొక్కా అంచున, గడ్డిమోపులో, ఈగ కాళ్ళపై ప్రయాణము చేయును. కుందేలు లేకుండ ఒట్టి చేతులతో ప్రదర్శన చూచి వచ్చినవాడు కూడ దానిని తన ఇంటికి తేగలడు. ఇది చదివిన తరువాత, పందిరిలో ఒక పంజరము నుండి మరియొక పంజరమునకు పరుగెత్తిన పిల్లలు మా కన్నులకు కట్టినట్లు కనబడినారు.

మేము నేర్చుకొన్నదానిని మూడు భాగములుగా చెప్పుదుము. మొదటిది ప్రదర్శనకు ముందు చేయవలసినది. బయలుదేరుటకు రెండు వారముల ముందు నుండి ప్రతి దినము కుందేటి ముక్కు, కన్నులు, చెవుల లోపలి భాగము, ముందరి కాళ్ళ బొచ్చు, వెనుక భాగము, పెంటికలు చూడవలెను. ఒక్క దోషము కనబడినను ఆగిపోవలెను. ఆ కుందేటితో ఒకే కొట్టములోనున్న ఇతర కుందేటిని దానికి బదులుగా తీసికొనిపోవుట కూడ తప్పే. పైకి బాగున్నను దానిలో ఆ జబ్బు దాగియుండవచ్చును.

రెండవది ప్రదర్శనలో చేయవలసినది. పంజరమునకు పంజరమునకు నడుమ జానెడుకు తక్కువ కాకుండ ఎడము గాని, అట్ట వంటి అడ్డు గాని ఉండవలెను. ఎవరి గిన్నె, ఎవరి మేత, ఎవరి బ్రష్షు వారివే. లోపలికి వచ్చు కుందేటిని పశువైద్యులు గుమ్మము వద్దనే పరీక్షింపవలెను. న్యాయనిర్ణేత ఒక్కొక్క కుందేటిని చూచిన తరువాత చేతులు కడుగుకొని, బల్లను తుడిపించి, క్రింద పరచిన దానిని మార్పించవలెను. గోనెపట్ట బదులు నున్నని రేకు గాని, రెక్సీన్ గాని ఉన్నచో కడుగుట సులభము. చూడవచ్చినవారు చూచుటతో తృప్తిపడవలెను, తాకరాదు. గాలి బాగుగా ఆడవలెను. ఎండ తీవ్రత ముప్పది డిగ్రీలు దాటినచో కుందేలు తట్టుకొనలేదు గనుక మన ప్రాంతమున ప్రదర్శనలు చలికాలపు ఉదయములకే పరిమితము కావలెను.

మూడవది తిరిగి వచ్చిన తరువాత చేయవలసినది. అందరమును దీనినే మరచిపోవుదుము. వచ్చిన కుందేటిని మందలో కలుపరాదు. వేరొక చోట కనీసము 14 రోజులు, వీలైనచో 30 రోజులు ఉంచవలెను. ప్రతి దినము ముందుగా ఇంటి కుందేళ్ళకు మేత వేసి, చివర దాని వద్దకు వెళ్ళవలెను. దాని వద్ద నుండి వచ్చిన చేతులతో, బట్టలతో మరల మంద వద్దకు పోరాదు. ప్రదర్శనలో వేసికొన్న బట్టలను వెంటనే ఉతుకవలెను. పంజరములను ముందుగా సబ్బునీటితో రుద్ది మురికి పోగొట్టి, తరువాత ఒక వంతు బ్లీచింగ్ ద్రవమునకు తొమ్మిది వంతుల నీరు కలిపి పోసి, పది నిముషములైనను తడిగా ఉంచి, కడిగి ఎండబెట్టవలెను. మురికి మీదనే బ్లీచింగ్ పోసినచో దాని శక్తి మురికితోనే సరిపోవును. దీనికై పెద్ద ఖర్చు లేదు. కావలసినది ఒక వేరు గూడు, ఒక బక్కెట్టు, కొంత ఓపిక.

ఈ నియమములను ఒక కాగితముపై తెలుగులో ఒక వైపున, ఉర్దూలో రెండవ వైపున వ్రాసి, 2019 ప్రదర్శనకు రెండు నెలల ముందుగా నిర్వాహకులకు ఇచ్చాము. మొదట వారు అంతగా లక్ష్యపెట్టలేదు. మేము జరిగినదంతయు దాచకుండ చెప్పిన తరువాత, తాము చెప్పుకొనుటకు ఇష్టపడని సంగతులు వారికి కూడ కొన్ని ఉన్నవని తెలిసినది. ఆ సంవత్సరము పంజరముల నడుమ అట్టలు పెట్టించారు. న్యాయనిర్ణేత బల్ల ప్రక్కన నీళ్ళ తొట్టి, సబ్బు, తువ్వాళ్ళు వెలసినవి. గుమ్మము వద్ద పశువైద్యులు ఒకరు కూర్చున్నారు.

మేము మోతీ కొడుకును తీసికొని వెళ్ళాము. మోతీ అప్పటికి వేరు గూటిలో ఒంటరిగా బ్రదుకుచున్నది. దానిని మరల ఎన్నడును బయటకు తీసికొనిపోలేదు. దాని కొడుకును దూడవలె సాకాము. పుట్టిన మూడవ నెల నుండి దానిని మందకు దూరముగా పెంచాము. రెండు వారములు చూచినను ఏ దోషమును లేదు. బస్సు దిగి, పందిరి గుమ్మము ముందు వరుసలో నిలుచున్నప్పుడు బుట్టలో ఒక తుమ్ము వినబడినది. చెల్లెలు బుట్ట మూత తీసి చూచినది. ముక్కు పొడిగానే ఉన్నది. కాళ్ళు శుభ్రముగానే ఉన్నవి. గడ్డి నలుసు అయియుండవచ్చును. వరుసలో మా ముందు ఇద్దరే ఉన్నారు. పశువైద్యులు చూచినను బహుశా లోపలికి పంపియుండెడివారు.

మా ముగ్గురమును ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. ఈసారి చెల్లెలే మాట్లాడినది. "విన్నాము గదా" అన్నది. బుట్టను అచ్చటనుండియే బస్సుస్థానమునకు మోసికొని వెళ్ళిపోయాము. అన్న ఒక్కడు మాత్రము చేతులు కడుగుకొని, కుందేలు లేకుండ, ప్రదర్శన చూచుటకు ఆగాడు. మా కుందేటికి ఆ తరువాత జలుబు ఏమియు రాలేదు. అది గడ్డి నలుసే అయియుండును. ఆ సంగతి తెలిసిన తరువాత కూడ మేము తిరిగివచ్చినందుకు విచారింపలేదు.

ఆ సాయంకాలము అన్న ఇంటికి వచ్చి, ముందుగా స్నానము చేసి బట్టలు మార్చుకొని, అప్పుడు గాని కొట్టము వైపు రాలేదు. నల్లకుందేటి బాలుడు ఈసారి బూడిదరంగు సోవియట్ చించిల్లా కుందేటితో వచ్చాడట. మూడవ బహుమతి వచ్చినదట. తన నీళ్ళగిన్నె తానే తెచ్చుకొన్నాడట. మా అన్నను చూచి దగ్గరకు వచ్చి, మోతీ ఎట్లున్నదని అడిగాడట.

మిత్రులారా, మనలో కొందరము రేపు వైద్యులము, ఉపాధ్యాయులము, అధికారులము కావచ్చును. అందరమును ఏదో ఒక గుంపులోనికి, ఏదో ఒక పండుగకు, మనవారిని వెంటబెట్టుకొని పోవువారమే. బయలుదేరు ముందురాత్రి వినబడిన చిన్న తుమ్మును గురించి ఇంటిలోనివారితో పైకి మాట్లాడవలెనని మాత్రము మేము కోరుచున్నాము. నాడు మేము ముగ్గురము ఆ ఒక్క మాట ఆడియుంటిమేని, ఒక బాలుడు ఖాళీ బుట్టతో మా గుమ్మమునకు వచ్చియుండెడివాడు కాడు.